పండితే పాలు, ఎండితే కౌలు

ఇటీవల ఒక సాహిత్య సభలో నగర జీవితాన్ని గురించి రెండు గంటలసేపు చర్చ జరిగింది. నలుగురు కవులు మాట్లాడారు. నలుగురూ షాపింగ్ మాల్‌ను దుమ్మెత్తి పోశారు. ఒకరు దానిని మాయాబజారన్నారు. మరొకరు కొత్త కాలపు దేవాలయమన్నారు. మూడవవారు యువతరానికి పట్టిన మత్తుమందన్నారు. నాలుగవవారు చిరిగిన జీన్సు ప్యాంట్ల మీద, మూడువందల రూపాయల కాఫీ మీద ఒక దీర్ఘ కవిత చదివారు. సభ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. సభ ముగిసి మెట్లు దిగుతుండగా నా పూర్వ విద్యార్థి ఒకడు నా పక్కన నడుస్తూ, "సార్, అందరూ అన్నీ చెప్పారు. ఆ అంగడికి అద్దె ఎంతో మాత్రం ఎవరూ చెప్పలేదేం?" అని అడిగాడు.

ఆ ప్రశ్న మనలో ఎవరికీ ఎందుకు తట్టలేదన్న విచారణే ఈ వ్యాసం.

పల్లెను గురించి రాసేటప్పుడు అభ్యుదయ రచయిత మొట్టమొదట వేసే ప్రశ్నలు మనకు కంఠోపాఠం. భూమి ఎవరిది? దున్నేదెవరు? కౌలెంత? పండిన దానిలో ఎవరి పాలెంత? 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు రాసిన 'మాభూమి' నాటకంలో భూమి కథకు వెనుక వ్రేలాడే తెర కాదు, భూమే కథ. ఆ సంప్రదాయానికి వారసులమని చెప్పుకునే మనం పట్నంలో అడుగు పెట్టగానే ఆ ప్రశ్నలన్నిటినీ బస్టాండులోనే వదిలివేస్తున్నాము. ఇక్కడ మనకు కనిపించేది కొనేవాడి వ్యామోహం మాత్రమే. ఆడపిల్ల ఏ గుడ్డ కట్టింది, కుర్రవాడు ఏ కాఫీ తాగాడు అన్న దగ్గరే మన చూపు ఆగిపోతున్నది. దీనికి మనం పెట్టుకున్న పేరు వినియోగదారీ సంస్కృతిపై విమర్శ. నన్నడిగితే ఇది విమర్శ కాదు, వేదాంతం. కోరికలే దుఃఖహేతువులని చెప్పడానికి మార్క్సు అక్కరలేదు. ఊరి హరికథా భాగవతారు చాలును.

అద్దాల గోడల మీద మెరిసే సరుకును చూశాము. ఆ అద్దాల వెనుక బీరువాలో ఉన్న కౌలు కాగితాన్ని చూడలేదు. పట్నపు దోపిడీకి పునాది ఆ కాగితంలో ఉన్నదని నా వాదన.

* * *

ఈ మాట అనడానికి నాకున్న అర్హతను గురించి ముందుగా చెప్పుకోవాలి. అది గర్వించదగిన అర్హత కాదు.

ఆ ప్రశ్న వేసిన కుర్రవాడు చేనేత కుటుంబంలో పుట్టినవాడు. తండ్రి ఇప్పటికీ మగ్గం మీదనే ఉన్నాడు. కుర్రవాడు తెలుగు ప్రధానాంశంగా డిగ్రీ చదివాడు. ఉద్యోగం దొరకలేదు. ఊరి నేతగాళ్ళ చీరలు, దుప్పట్లు తీసుకొని ప్రదర్శనలలో అమ్మేవాడు. నాలుగు డబ్బులు మిగిలిన తరువాత, డబ్బున్నవాళ్ళు తిరిగేచోట అంగడి పెడితే నేతగానికి గిట్టుబాటు ధర వస్తుందన్న ఆశతో జూబిలీహిల్స్‌లో ఒక షాపింగ్ కాంప్లెక్సులో మల్గీ మాట్లాడుకున్నాడు. అగ్రిమెంటు నలభై పుటల ఇంగ్లీషు. సాక్షి సంతకం కావాలని నా దగ్గరకు వచ్చాడు. "చదివావా?" అన్నాను. "అందరికీ ఇదే కాగితమట సార్, మార్చరట" అన్నాడు. నేను సంతకం చేశాను. చదవలేదు. ఆనాడే నేను తరగతిలో తెలంగాణా రైతాంగ సాహిత్యం గురించి, వెట్టిని గురించి, మోసపు కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్న దొరలను గురించి పాఠం చెప్పి వచ్చాను.

పదునాలుగు నెలల తరువాత అతడు అంగడి మూసివేశాడు. అప్పుడు ఆ కాగితాన్ని నేను చదివాను.

ఒక్కొక్క షరతునే చూద్దాము. అద్దె చదరపుటడుగుకు 200 రూపాయలు అన్నారు. ఎన్ని అడుగులు? కాగితంలో 300. గోడ నుంచి గోడకు టేపు పెట్టి కొలిస్తే 180. తక్కిన 120 అడుగులు వరండాలో, లిఫ్టులో, మెట్లలో, మరుగుదొడ్లలో అతని వాటా. దీనినే సూపర్ బిల్టప్ ఏరియా అంటారు. అతడు నిలబడని నేలకు, అతడు అమ్ముకోలేని నేలకు అతడే అద్దె కట్టాలి. 300 అడుగులకు నెల అద్దె 60,000. ఆ వరండా తుడిచినందుకు, దీపాలు వెలిగించినందుకు, చల్లగాలి వదిలినందుకు కామన్ ఏరియా మెయింటెనెన్సు అనే పేరుతో అడుగుకు 30 చొప్పున మరి 9,000. వరండాకు అద్దె కట్టినవాడే వరండా ఊడ్చినందుకు కూడా కట్టాలన్నమాట. ఈ 69,000 మీద 18 శాతం జీఎస్టీ 12,420. అతడు చిన్న వర్తకుల కాంపోజిషన్ పథకం కింద ఉన్నవాడు గనుక ఆ పన్నును తిరిగి రాబట్టుకునే వీలు లేదు. వెరసి 81,420 రూపాయలు. దానిని నిజంగా వాడుకున్న 180 అడుగులతో భాగిస్తే అడుగుకు 452 రూపాయలు. నోటితో చెప్పింది 200; జేబులోంచి పోయింది 452.

ఇంతవరకు ఉన్నది లెక్కల గారడీ. అసలు షరతు ముందున్నది. నెలకు 60,000 మినిమమ్ గ్యారంటీ, లేదా అమ్మకాలలో 12 శాతం, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. నేల మీద పెరిగిన పాఠకులు ఈ వాక్యాన్ని మళ్ళీ ఒకసారి చదవాలి. మన పల్లెల్లో భూమిని ఇచ్చే పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకటి కౌలు: పండినా ఎండినా ఇంత అని ముందే నిర్ణయం. నష్టం రైతుది, అదృష్టం బాగుంటే మిగులు కూడా రైతుదే. రెండవది పాలు: పండిన దానిలో ఇంత భాగం. మిగులులో భూస్వామి పంచుకుంటాడు. నష్టంలోనూ పంచుకోక తప్పదు. రెండూ దోపిడీ పద్ధతులే. కాని దేని న్యాయం దానికి ఉన్నది. ఎంత కఠినుడైన దొర అయినా ఒకే చేనుకు ఒకే సంవత్సరం రెండూ అడగటానికి కొంత సంకోచించేవాడు. జూబిలీహిల్స్ కాగితానికి ఆ సంకోచం లేదు. పండితే పాలు, ఎండితే కౌలు.

ఇది ఎట్లా పనిచేసిందో చూడండి. శ్రావణమాసంలో పెళ్ళిళ్ళు, వ్రతాలు. ఎనిమిది లక్షల అమ్మకం జరిగింది. అప్పుడు 12 శాతం కింద అద్దె 96,000. దానికి ముందు ఆషాఢంలో రెండు లక్షలే అమ్మాడు. అప్పుడు 12 శాతమంటే 24,000 కావాలి, కట్టింది 60,000. అంటే మంచి నెలలో నూటికి 12, చెడ్డ నెలలో నూటికి 30. సగటున నెలకు మూడు లక్షల అమ్మకం ఉండేదని అతని లెక్కల పుస్తకం చెబుతున్నది. మూడు లక్షలలో 81,420 అంటే నూటికి 27 రూపాయల పైచిలుకు. ఆరువేల రూపాయల చీర అమ్మితే అందులో 1,628 రూపాయలు ఆ చీరను పరచిన నేలకు పోయినవి. మగ్గం గుంటలో కూర్చొని ఆ చీర నేసిన అతని తండ్రికి దక్కిన కూలి అంతకంటె ఎక్కువేమీ కాదు.

అమ్మకం ఎంతో యజమానికి తెలియాలి కదా! అందుకని బిల్లు కొట్టే యంత్రాన్ని యజమాని కంప్యూటరుకు కలిపారు. పూర్వం కళ్ళం దగ్గర దొర మనిషి నిలబడి బస్తాలు లెక్కపెట్టేవాడు. ఇప్పుడు ఆ మనిషికి జీతం కూడా దండుగ. ఉదయం 11 గంటలకు తెరవాలి, రాత్రి 10కి ముందు మూయరాదు, మూస్తే జరిమానా. చుట్టుప్రక్కల మూడు కిలోమీటర్ల లోపల మరొక అంగడి పెట్టరాదు. గోడలకు చెక్కపని, దీపాలు అన్నీ అతని ఖర్చు. పోయేటప్పుడు ఏది ఉంచాలో ఏది పీకాలో యజమాని ఇష్టం. ఆరు నెలల అద్దె 3,60,000 ధరావతు, వడ్డీ లేదు. మూడేళ్ళ వరకు అతడు విడిచిపెట్టి పోరాదు. దానికి లాకిన్ అని పేరు. అదే కాలంలో మరొక పెద్ద అంగడికి చోటు కావలసి వస్తే అతనిని వేరే మూలకు మార్చే హక్కు యజమానికి ఉన్నది. కట్టుబాటు ఒక ప్రక్కన, స్వేచ్ఛ మరొక ప్రక్కన.

పదునాలుగవ నెలలో అతడు చేతులెత్తేశాడు. మిగిలిన ఇరవై రెండు నెలలకు 13,20,000 ఇవ్వాలన్నారు. కాళ్ళావేళ్ళా పడితే ధరావతు, చెక్కపని ఉంచుకొని వదిలిపెట్టారు. అది వారి దయ అని కూడా రాసి సంతకం చేయించుకున్నారు. ఈసారి సాక్షి సంతకానికి అతడు నా దగ్గరకు రాలేదు.

* * *

ఇది ఒక దుర్మార్గుడైన యజమాని కథ అనుకుంటే మనం మళ్ళీ హరికథలోనే పడతాము. ఆ కాగితం ఒక మనిషి రాసింది కాదు. పెద్ద పట్టణాల ఖరీదైన పేటలలో ఇదే అచ్చు నడుస్తున్నది. దీనికి చరిత్ర ఉన్నది.

అమ్మకంలో శాతాన్ని అద్దెగా పుచ్చుకునే పద్ధతికి ఆద్యుడని పేరు పొందినవాడు జె. సి. నికల్స్ అనే అమెరికన్ భూవ్యాపారి. కాన్సస్ సిటీలో సంపన్నుల కోసం ఒక పేట నిర్మించి, వారి కోసమే 1923లో కంట్రీక్లబ్ ప్లాజా అనే అంగళ్ళ కేంద్రాన్ని తెరిచాడు. సంపన్నుల పేట పక్కన అంగడి పెడితే అద్దె పెరుగుతుందని, అంగడి ఉంటే పేటలో స్థలాల ధర పెరుగుతుందని, రెండూ తన చేతిలోనే ఉంటే రెండు లాభాలూ తనవేనని గ్రహించినవాడతడు. తన పేటలలో నల్లజాతివారికి ఇల్లు అమ్మరాదని, అద్దెకు ఇవ్వరాదని దస్తావేజులలోనే రాయించాడు. దాదాపు నూరేళ్ళ తరువాత, 2020లో, ఆ ఊరివాళ్ళు ఆ కారణం చేతనే ఒక ఫౌంటెను మీద నుంచి, ఒక రహదారి మీద నుంచి అతని పేరు తొలగించారు. పేరు పోయింది, పద్ధతి మాత్రం పోలేదు. అది సముద్రాలు దాటి మన బండరాళ్ళ గుట్టల మీదికి వచ్చింది.

మన వంటివారికి ఇంకా గుణపాఠం చెప్పగలిగిన కథ విక్టర్ గ్రూయెన్‌ది. అతడు వియన్నాలో సోషలిస్టు. రాజకీయ వ్యంగ్య ప్రదర్శనలు ఇచ్చినవాడు. 1938లో నాజీల బారినుంచి తప్పించుకొని అమెరికా చేరినవాడు. 1956లో మిన్నెసోటా రాష్ట్రంలోని ఎడైనాలో పైకప్పు కింద పూర్తిగా మూసివున్న మొదటి ఆధునిక మాల్‌ను నిర్మించిన శిల్పి అతడే. జనం కలుసుకునే చావడిగా, ఇళ్ళూ బళ్ళూ ఆస్పత్రులూ చుట్టూ ఉన్న ఊరి నడిబొడ్డుగా దానిని ఊహించాడు. భూమి ఎవరి చేతిలో ఉన్నదో ఆ చేతికి ఊరు అక్కరలేదు, అద్దె కావాలి. చుట్టూ లేచినది ఊరు కాదు, కార్లు నిలిపే బయలు. చివరి రోజులలో తన బిడ్డలను తానే కాదనుకున్నాడు. భూమి ప్రశ్నను ప్రక్కన పెట్టి అందమైన కట్టడంతో సమాజాన్ని మార్చగలననుకున్న మంచివాని విషాదం అది. కట్టడాన్ని కవితతో తిట్టి సమాజాన్ని మార్చగలమనుకునే మనమూ అతనికి దగ్గరి చుట్టాలమే.

* * *

ఇక చట్టం సంగతి. కొందరు మిత్రులు, "కోర్టులున్నవి కదా, అద్దె నియంత్రణ చట్టం ఉన్నది కదా" అంటారు. ఉన్నవి. ఎంతవరకున్నవో చూద్దాము.

యజమానులు మొదటినుంచీ పన్నుతున్న ఎత్తు ఒకటున్నది. కాగితానికి లీజు అని పేరు పెడితే అద్దెదారుకు హక్కులు వస్తవి. లైసెన్సు అని పేరు పెడితే రావు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో లీజు ఉన్నది; అదే సంవత్సరపు ఈజ్‌మెంట్ల చట్టంలో లైసెన్సు ఉన్నది. ఈ తగాదా 1959లో సుప్రీంకోర్టుకు వచ్చింది. న్యూఢిల్లీలోని ఇంపీరియల్ హోటల్‌లో రెండు గదులు తీసుకొని కేశాలంకరణశాల నడిపిన ఒక వర్తకుడు న్యాయమైన అద్దె నిర్ణయించమని అడిగాడు. కాగితంలో లైసెన్సు అని రాసి ఉన్నది గనుక అడిగే హక్కు లేదన్నారు యజమానులు. ముగ్గురు న్యాయమూర్తులలో మన రాజమండ్రికి చెందిన కోకా సుబ్బారావు గారు ఒకరు. కాగితానికి పెట్టిన పేరు కాదు, దాని సారం చూడాలని ఆయన తేల్చారు; ఇది లీజే అన్నారు. మరొక న్యాయమూర్తి ఆయనతో ఏకీభవించారు. కాని హోటలు గదులకు అద్దె చట్టం వర్తించదన్న మినహాయింపు ఒకటున్నది. ఇవి హోటలు గదులే అని ఇద్దరు, కావని సుబ్బారావు గారొక్కరు. పేరు విషయంలో వర్తకుడు గెలిచాడు. అద్దె విషయంలో ఓడిపోయాడు.

1967లో గోలక్‌నాథ్ కేసులో ఆస్తి హక్కుకు కొమ్ముకాశాడని వామపక్షం విమర్శించిన సుబ్బారావు గారే ఎనిమిదేళ్ళ ముందు అద్దెదారు పక్షాన ఒంటరిగా నిలిచిన మాటను కూడా మనం గుర్తుంచుకోవాలి. పేరును కాక సారాన్ని చూడమన్న ఆయన సూత్రం సాహిత్య విమర్శకులకూ పనికివస్తుంది. మాల్ అనే పేరు చూసి మనం ఆగిపోయాము.

మన దగ్గర 1960లో ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. న్యాయమైన అద్దె, అకారణంగా ఖాళీ చేయించరాదన్న రక్షణ అందులో ఉండేవి. 2005 సవరణతో మునిసిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దెలను ఆ చట్టం నుంచి తప్పించారు. మన కుర్రవాని లెక్కలో 3,500కు ఎనిమిది చదరపుటడుగులు కూడా రావు. ఒక మనిషి కాళ్ళు చాపుకొని పడుకోవడానికి చాలని చోటుకు మాత్రమే చట్టం కాపలా. 2016లో వచ్చిన రెరా చట్టం ఇల్లు అమ్మేవాడు గోడల లోపలి కొలతనే, అంటే కార్పెట్ ఏరియానే, చెప్పి తీరాలన్నది. మంచిదే. కాని ఆ రక్షణ కొనేవానికి. అద్దెకు తీసుకునేవానికి లేదు. 2021లో కేంద్రం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. అద్దె ఎంతో ఇరుపక్షాలూ మాట్లాడుకోవాలట. అంగళ్ళకు ధరావతు ఆరు నెలల అద్దె దాకా పుచ్చుకోవచ్చునట. గడువు దాటి కూర్చుంటే మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ పైన నాలుగింతలు చెల్లించాలట. మన కుర్రవాని కాగితంలోని ధరావతు షరతు అచ్చంగా చట్టబద్ధం అన్నమాట.

2020 లాక్‌డౌనులో ఈ సంగతి నగ్నంగా బయటపడింది. ఢిల్లీ ఖాన్ మార్కెట్టులోని ఒక అంగడి అద్దెదారు, నెలకు మూడున్నర లక్షలు కట్టవలసినవాడు, అంగడి మూతపడిన కాలానికి అద్దె నిలిపివేయమని హైకోర్టును అడిగాడు. కోర్టు ఒప్పుకోలేదు, గడువు మాత్రం కొంత ఇచ్చింది. ప్రభుత్వమే అంగడి మూయించింది, కొనేవాడు లేడు, అయినా నేలకు మాత్రం ఆకలి ఆగలేదు.

ఆ ఖాన్ మార్కెట్టు పుట్టుక తెలుసుకోవడం అవసరం. 1951లో, దేశవిభజనలో సర్వస్వం పోగొట్టుకొని వాయవ్య సరిహద్దు నుంచి వచ్చిన కాందిశీకుల కోసం ప్రభుత్వం ఏర్పాటు చేసిన అంగళ్ళవి. సరిహద్దు గాంధీ సోదరుడు డాక్టర్ ఖాన్ సాహెబు పేరే దానికి పెట్టారు. ఇవాళ అది దేశంలో అత్యంత ఖరీదైన అద్దెలు పలికే వీధులలో ఒకటి. కాందిశీకుల సంతతి దుర్మార్గులని దీని అర్థం కాదు. నిలువనీడలేని మనిషిని కూడా కొన్ని దశాబ్దాలలో అద్దె తినేవానిగా మార్చగలిగిన శక్తి ఆ స్థలంలో ఉన్నది. ఆ శక్తి ఎక్కడిది?

* * *

ఈ ప్రశ్నకు జూబిలీహిల్స్ బండరాళ్ళే జవాబు చెబుతవి. ఆ రాళ్ళకు స్వతహాగా ఏ విలువా లేదు. దుర్గం చెరువు మీద సుమారు 184 కోట్ల ప్రజాధనంతో కట్టిన తీగల వంతెన 2020 సెప్టెంబరులో తెరుచుకుని, జూబిలీహిల్స్ 45వ నంబరు రోడ్డును హైటెక్ సిటీ వైపుకు కలిపింది. 2019లో మెట్రో రైలు ఆ గుట్టల అంచు మీదుగా హైటెక్ సిటీ దాకా వెళ్ళింది. రోడ్డు వేసిన కూలీలు, నీళ్ళు తెచ్చిన జలమండలి, దీపాలు, పోలీసు, పాతికవేల జీతంతో ఆ కార్యాలయాలలో పనిచేసే పిల్లలు, వీరందరూ కలిసి ఆ రాతికి విలువ కట్టారు. దానికి అద్దె పుచ్చుకునేవాడు ఒక్కడు. వంతెన తెరిచిననాడు అతడు చేసిన శ్రమ, రిబ్బను కత్తిరింపును టీవీలో చూడటం.

ఇక్కడ ప్రతిపక్షులు రెండు వాదాలు తెస్తారు. మొదటిది: భవనం కట్టినవాడు పెట్టుబడి పెట్టలేదా, లిఫ్టులు పెట్టలేదా? పెట్టాడు. సిమెంటుకు, ఇనుముకు, లిఫ్టుకు పెట్టిన సొమ్ము మీద వచ్చే లాభం వేరు, కేవలం ఆ నేల ఆ చోట ఉన్నందుకు వచ్చే అద్దె వేరు. ఈ భేదాన్ని మార్క్సు 'పెట్టుబడి' మూడవ సంపుటంలో విడమరచి చూపాడు. అదే భవనాన్ని అదే సిమెంటుతో అదే లిఫ్టుతో ఒక మారుమూల మండల కేంద్రంలో కట్టి, అడుగుకు 200 అడిగి చూడమనండి. మిగిలే తేడాయే భూమి అద్దె. అది సిమెంటుది కాదు.

రెండవ వాదం కొంచెం తెలివైనది. అద్దె వల్ల ధర పెరగదు, ధర ఉండబట్టే అద్దె వస్తుంది, 1817లోనే రికార్డో చెప్పాడు గదా అంటారు. చెప్పాడు, మనకు అంగీకారమే. ఆ మాట నిజమైతే అద్దె అనేది ఉత్పత్తికి అయిన ఖర్చు కాదు, పుచ్చుకునేవాడు చేసిన సేవకు ప్రతిఫలమూ కాదు. అందరి శ్రమా పోగా మిగిలినదాన్ని ఎత్తుకుపోవడం. అయితే ఎత్తుకుపోయే హక్కు ఎవరిది? ఆ మిగులును సృష్టించిన సమాజానిదా, హద్దురాళ్ళు పాతుకున్నవానిదా? రికార్డోను సాక్షిగా పిలిచినవారు ఈ ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి.

"ఇష్టపడే సంతకం పెట్టాడు కదా" అన్నది వాదం కాదు, వెటకారం. కౌలుదారు కూడా ఇష్టపడే వేలిముద్ర వేశాడు.

* * *

మన పక్షం నుంచే ఒక అభ్యంతరం వస్తుంది. అంగడివాడు చిన్న పెట్టుబడిదారు, అతని కోసం మనం కన్నీళ్ళెందుకు కార్చాలి అని. ఈ అభ్యంతరాన్ని నేను తేలికగా తీసివేయను. నా విద్యార్థి అంగడిలో ఇద్దరు అమ్మాయిలు పనిచేసేవారు. పదకొండు గంటలు నిలబడేవారు. కూర్చోవడానికి స్టూలు ఎందుకు వేయలేదని అడిగాను. "స్టూలు వేసిన చోట ర్యాకు పెడితే ఇరవై చీరలు పడతవి సార్" అన్నాడు. అతడు చెడ్డవాడు కాదు. 452 రూపాయల అడుగు అతని నోట ఆ మాట పలికించింది. కోళిక్కోడ్ బట్టల దుకాణాలలో ఆడవాళ్ళు కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడితే 2018లో కేరళ చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు ఆ దారి పట్టింది. ఆ స్టూలుకు పట్టే నేల ఖరీదును కూడా లెక్కవేస్తేనే ఆ పోరాటం బరువు మనకు అర్థమవుతుంది.

అద్దె పైనుంచి ఒత్తుతుంది. అంగడివాడు దానిని అమ్మే అమ్మాయి కాళ్ళ మీదికి, నేసేవాని కూలి మీదికి తోస్తాడు. తోయలేనివాడు మూసుకొని పోతాడు. తోయగలిగిన పెద్ద కంపెనీలే మిగులుతవి. పైగా అటువంటి పెద్ద కంపెనీలకు, జనాన్ని రప్పిస్తవన్న నెపంతో, అదే కప్పు కింద అడుగుకు తక్కువ అద్దె. ఆ లోటు భర్తీ చేసేది మూలనున్న చిన్న మల్గీలు. కాబట్టి అంగడివానిని కార్మికుడని పొగడనక్కరలేదు. అతనికి పైన ఒకడున్నాడని, ఆ ఒకడు మన సాహిత్యంలో ఇంతవరకు పాత్ర కాలేదని గ్రహిస్తే చాలును.

మరి ఏం చేయాలి? అద్దెకిచ్చే ప్రతి అంగడికీ గోడల లోపలి కొలతనే లెక్కలోకి తీసుకోవాలని చట్టం రావాలి. కౌలూ పాలూ రెండూ అడిగే షరతు చెల్లదనాలి. ఏదో ఒకటి ఎంచుకోమనాలి. విడిచిపోరాదన్న కట్టుబాటు ఇద్దరికీ సమానంగా ఉండాలి. అద్దె చట్టం నుంచి వెలివేయడానికి పెట్టిన 3,500 గీతను చెరిపివేయాలి. వంతెన వల్ల, రైలు వల్ల పెరిగిన నేల విలువలో వంతెన కట్టిన ప్రజలకు వాటా రావాలి. అన్నిటికంటె ముఖ్యంగా ప్రజల సొత్తైన అంగళ్ళు ఖరీదైన పేటలలో కూడా లేవాలి. ఇది గాలిమేడ కాదు. నిజాం కాలంలో, 1935లో, లేచిన మొజంజాహీ మార్కెట్టు ఇంకా నిలిచే ఉన్నది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు పెట్టి, అద్దె లేకుండా, దళారీ లేకుండా రైతుకు అంగడి అరుగు ఇచ్చారు. అది కమ్యూనిస్టు ప్రభుత్వం కూడా కాదు. కూరగాయలకు సాధ్యమైనది చీరకు, పుస్తకానికి, ఇడ్లీకి ఎందుకు సాధ్యం కాదో చెప్పవలసిన భారం పాలకులది. అడగవలసిన భారం మనది.

రచయితలకు నా విన్నపం ఇంతకంటె చిన్నది. మాల్ మీద కవితలు రాయడం మానివేయమని నేననను. రాసేముందు ఒక్క అంగడివాని దగ్గర కూర్చొని అతని కౌలు కాగితం చదవండి. అది విసుగు పుట్టించే ఇంగ్లీషులో ఉంటుంది, ఉపమలుండవు. కాని ఒక తండ్రి మగ్గం, ఒక కొడుకు అప్పు, ఒక అమ్మాయి మోకాళ్ళ నొప్పి, ఒక వంతెన, ఒక చెరువు అన్నీ ఆ నలభై పుటలలో ఉన్నవి. పల్లె భూమిని చదివిన కళ్ళు పట్నపు భూమిని చదవలేకపోవడం చూపు దోషం. ముందుగా నాలో ఉన్న దోషం. చదవకుండా సాక్షి సంతకం చేసినవాడిని నేను.

నా విద్యార్థి ఇప్పుడు మళ్ళీ ప్రదర్శనలలో అమ్ముకుంటున్నాడు. ధరావతు పోయిన అప్పు ఇంకా తీరలేదు. వచ్చే సభలో మాట్లాడమని అతనిని పిలిచాను. కాగితం వెంట తెస్తానన్నాడు.